సముద్రానికో హెల్మెట్

మంగళవారం పొద్దున విజయశ్రీ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి ఎల్బీనగర్‌లో ఇంటి నుంచి బయల్దేరాలి, దిల్‌సుఖ్‌నగర్‌లో తేలికపాటి హెల్మెట్ ఒకటి కొనాలి, పన్నెండింటికల్లా చైతన్యపురిలో తన ఆఫీసు కుర్చీలో కూర్చోవాలి. ఇందులో గోల జరగడానికి చోటెక్కడుందని మనబోటి వాళ్లం అనుకుంటాం. పథకంలో అత్తగారి ఊసే లేదు. కానీ చెప్పులేసుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నది అత్తగారే.

"నేను గూడ ఒస్త," అంది తిరుపతమ్మ. "తలకాయ సంగతిది. నువ్వొక్కదానివి పోతె అగ్గువకొచ్చిందని ఏదో డొల్లది పట్కొస్తవ్."

విజయశ్రీ ఒక బీమా ఆఫీసులో పదిహేనేళ్లుగా కాగితాలు చూస్తోంది. ఎవరి కాళ్లు ఎక్కడ విరిగాయో, ఎవరి ఇల్లు ఎప్పుడు కాలిందో అన్నీ చదివింది గాని, నలభై మూడేళ్లొచ్చినా సముద్రం మాత్రం చూడలేదు. చూసిన అతి పెద్ద నీళ్లు నాగార్జునసాగర్, అదీ కట్ట మీద నుంచి, అత్తగారు ఆమె కొంగు గట్టిగా పట్టుకుని ఉండగా. ఆఫీసులో పక్క సీటు మృదులది విశాఖపట్నం. రుషికొండ బీచిలో పలక మీద నిలబడి అలల మీద జారడం నేర్పుతారనీ, సోమవారం పొద్దున క్లాసనీ, ఆదివారం సాయంత్రం రైలనీ మృదుల చెప్పింది. విజయశ్రీ బడిలో కూడా ఏ ఆటకూ పేరిచ్చిన మనిషి కాదు. ఈసారి ఎవరో వెనక నుంచి నెట్టినట్టు చెయ్యెత్తేసింది. ఆ రాత్రి నుంచి ఆమెకు కళ్లు మూస్తే చాలు, నీళ్లే.

తిరుపతమ్మ వద్దనలేదు. ఒకటే షరతు పెట్టింది: "హెల్మెట్ లేంది సముద్రంల అడుగు వెట్టొద్దు."

హెల్మెట్ మీద ఆమెకు అంత గురి ఊరికే కలగలేదు. నాలుగేళ్ల కింద కొడుకు జంగయ్య స్కూటర్ మీద వస్తుంటే, బాటసింగారం పండ్ల మార్కెట్ నుంచి వస్తున్న లారీ మీది బత్తాయిల పెట్టె ఒకటి జారి సరిగ్గా అతని నెత్తిన పడింది. హెల్మెట్ పగిలింది, తల పగల్లేదు. ఆ పగిలిన హెల్మెట్‌ను తిరుపతమ్మ పూజగదిలో ఎల్లమ్మ పటం పక్కన పెట్టింది. ప్రతి శుక్రవారం దానికి పసుపు, కుంకుమ, పండగనాడు కొబ్బరిముక్క. స్కూటర్‌ను మాత్రం అదే వారం అమ్మించేసింది. ఒక తలకు దేవుడు రెండుసార్లు అడ్డం రాడని ఆమె లెక్క. అప్పటి నుంచి జంగయ్య తన పైపుల దుకాణానికి షేర్ ఆటోలో వెళ్తున్నాడు, దారిలో కనబడిన ప్రతి కొత్త బండినీ తల తిప్పి తిప్పి చూస్తూ.

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద మొదటి హెల్మెట్ల దుకాణాయన చెప్పిందంతా ఓపికగా విన్నాడు.

"సముద్రంల గూడ చలాన్లు రాస్తున్నరా మేడం?"

"చలానా కోసం గాదన్నా. అలల మీద నుంచి పడితే పలక ఒచ్చి తలకు తాకుతదంట. తేలికగుండాలె. లోపటికొచ్చిన నీళ్లు బయటికి పోవాలె."

"మా హెల్మెట్లల్లకు వాన చుక్క గూడ రాదు మేడం," అన్నాడాయన రోషంగా, మొహం మొత్తం మూసేది ఒకటి తీసి బల్ల మీద పెడుతూ.

"గందుకే ఒద్దంటున్న. గది వెట్కొని మునిగితె బిందెల తల వెట్టినట్టైతది," అని విజయశ్రీ బయటికొచ్చేసింది.

రెండోది ఆటసామాన్ల దుకాణం. అక్కడ క్రికెట్ హెల్మెట్ తిరుపతమ్మకు తెగ నచ్చింది. ముందరి ఇనుప జాలీని గోటితో గీకి చూసి, "గిది మంచిగుంది. చాపలు లోపటికి రావు," అని తేల్చింది. దుకాణాయన నవ్వు ఆపుకోలేక పిల్లల స్కేటింగ్ హెల్మెట్ తెచ్చి చూపించాడు. గులాబీ రంగు, మీద సీతాకోకచిలుక. అది విజయశ్రీ కొప్పు మీద గిన్నెలా కూర్చుంది, కిందికి దిగనంది. అప్పుడు ఆయనకు ఏదో గుర్తొచ్చి పైకి నిచ్చెనెక్కి, దుమ్ము పట్టిన డబ్బా ఒకటి దింపాడు. ఎవరో పడవ పందేల కోసం తెప్పించి, మళ్లీ మొహం చూపించలేదట.

లోపల ఆకాశం రంగు హెల్మెట్. పైన నీళ్లు పోయే కన్నాలు, లోపల తడిని పీల్చని మెత్త, చెవుల మీద మెత్తటి రెక్కలు, గడ్డం కింద పట్టీ. విజయశ్రీ నడి దుకాణంలో కొప్పు విప్పి జడేసుకుని పెట్టుకుంది. కనుబొమల పైన రెండు వేళ్ల జాగా. తల అటూ ఇటూ విదిలించింది, కదల్లేదు. పెట్టుకున్నట్టే లేదు. అద్దంలో చూసుకుంటే ఆఫీసు కాగితాల విజయశ్రీ కాదు, ఇంకెవరో కనబడింది. ఆ ఇంకెవరో ఆమెకు చాలా నచ్చింది.

తిరుపతమ్మకు నచ్చలేదు. బయటికి రాగానే హెల్మెట్ లాక్కుని తోపుడుబండి కూరగాయలాయన కాంటాలో పెట్టింది. "క్యాబేజీగడ్డ కన్న తక్కువుందమ్మా," అన్నాడతను.

"గింత పల్చటిది, పైనుంచి బొక్కలు! దేవుని బలం తోడుగాకుంటె గిది పన్జెయ్యది. నడువ్ గుడికి!"

"అత్తమ్మా, పన్నెండు కొడ్తంది. నాకు ఆఫీసున్నది."

"ఆఫీసేడికి వోతది? మంగళవారం మల్ల వారం దాక రాదు."

ఆంజనేయస్వామి గుడి ముందు కొత్త బళ్ల వరస ఉంది. రెండు మోటార్ సైకిళ్లు, వాటి వెనక వీళ్లు, వీళ్ల వెనక ఒక ఆటో. మన దగ్గర కొత్త బండి కొంటే ముందు గుడికి రావాలి, చక్రం కింద నిమ్మకాయ నలగాలి, దండ పడాలి, తర్వాతే రోడ్డు. పూజారి బొట్లు పెట్టుకుంటూ వీళ్ల దాకా వచ్చి ఆగిపోయాడు.

"బండి ఏదమ్మా?"

"బండి లేదు అయ్యగారు. ఉత్త హెల్మెట్టే," అంది తిరుపతమ్మ.

"మరి నిమ్మకాయలు దేని కింద పెట్టాలి?"

"గీ పిల్ల కాళ్ల కింద పెట్టుండ్రి. అలల మీద పోయేది ఆమెనే గద."

శాస్త్రంలో దీనికి ఏ మంత్రముందో పూజారికి గుర్తు రాలేదు. వెనక ఆటోవాళ్లు తొందర పెడుతున్నారు. ఆయన విజయశ్రీ తలకు హెల్మెట్ పెట్టించి, దాని మీద స్వస్తిక్ గీసి, బంతిపూల దండ చుట్టి, రెండు పాదాల ముందూ రెండు నిమ్మకాయలుంచి, రోజూ అనే మాటే అలవాటుగా అనేశాడు. "మెల్లగ ముందుకు పోనియ్యండి. ఒకసారి హారన్ కొట్టండి."

విజయశ్రీ నిమ్మకాయలు తొక్కుకుంటూ ముందుకు పోయింది. సిగ్గుతో చచ్చిపోతూ, హారన్ ఎలా కొట్టాలో తోచక నిలబడిపోయింది. ఆమె తరఫున వెనక ఆటో అతను కొట్టాడు. ఆదివారం దాకా ఎలాగోలా ఓర్చుకుంటే చాలు, అక్కడ సముద్రముంది అని ఆమె తనకు తాను చెప్పుకుంది.

ఎదురింటి అండాలమ్మ గుడికి వచ్చేసరికి ఈ తతంగమంతా అయిపోయింది. ఆమెకు కనబడినవి దండేసిన హెల్మెట్, నలిగిన నిమ్మకాయలు, తిరుపతమ్మ చేతిలో పేడాల డబ్బా. ఇక ఎవరైనా ఏమనుకుంటారు? ఆమె మెట్లు దిగకముందే కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది: "మన తమ్ముడు జంగయ్య కొత్త బండి తీసుకున్నడు. కంగ్రాట్స్." మధ్యాహ్నానికి కింద నలభై ఒక్క దండం బొమ్మలు పడ్డాయి.

దుకాణంలో జంగయ్య ఫోను ఆగకుండా మోగింది. మొదటి ఫోనుకు అతను నిజం చెప్పాలనే నోరు తెరిచాడు. కానీ చెప్పాల్సిన నిజమేమిటి? నా పెళ్లాం అలల మీద నిలబడడానికి పోతోందనా? ఆ మాట అతను ఇంతవరకు బయట ఎవరికీ చెప్పలేదు. ఇటు చూస్తే నాలుగేళ్లుగా ఆటోలో ఇరుక్కుని తిరుగుతున్న మనిషిని పట్టుకుని లోకమంతా 'బండి, బండి' అంటోంది. చెవులకు ఎంత హాయిగా ఉంది!

"ఏం రంగు అన్నా?" అని అడిగింది ఫోను.

"నల్లది," అన్నాడు జంగయ్య.

"దావత్ ఎప్పుడు?"

"ఆదివారం."

ఫోను పెట్టేశాక ఈ మాటలన్నది ఎవరా అని తనే కాసేపు చుట్టూ చూశాడు.

సాయంత్రం ఇంట్లో సంగతి బయటపడేసరికి చెయ్యి దాటిపోయింది. చిట్యాల దగ్గరి పల్లె నుంచి తిరుపతమ్మ తమ్ముడు లింగస్వామి అప్పటికే ఫోన్ చేసి, మేకపోతును చూసిపెట్టాననీ, ఆదివారం పొద్దున్నే పదిమందితో దిగుతున్నాననీ చెప్పేశాడు.

"మామకు ఫోన్ జేసి నిజం చెప్పయ్యా," అంది విజయశ్రీ.

"ఏమని చెప్పాలె? బండి కొనలే, గా హెల్మెట్ నా కోడలు సముద్రంల దునుకుతందని కొన్నమని చెప్పాలెనా?" తిరుపతమ్మ తల పట్టుకుంది. "నా తమ్ముని ముంగట నా ఇజ్జత్ పోతది. ఒక్క పూట బండి ఉన్నట్టు చూపిద్దాం. తింటరు, పోతరు."

"నాకు ఆదివారం రైలుంది అత్తమ్మా."

"నాలుగింటికి నిన్ను ఇడుస్త. ఎల్లమ్మ తోడు."

పక్క వాటాలో కిరాయికుంటున్న సాయినాథ్‌ది పదిరోజుల కిందటి బండి. రంగు నల్లదే, అదొక్కటే జంగయ్య అదృష్టం. బతిమాలగా బతిమాలగా సాయినాథ్ ఒప్పుకున్నాడు. "నిలవెట్టుండ్రి అన్నా, ఫోటోలు దిగుండ్రి. నడపొద్దు. నేను గూడ ఇంక మూడో గేరు దాటలే."

ఆదివారం వాకిట్లో బండి నిలబడింది. హ్యాండిల్‌కు విజయశ్రీ హెల్మెట్ వేలాడుతోంది, వాడిన బంతిపూల దండతో సహా. బండికి హెల్మెట్ లేకపోతే చూసేవాళ్లకు అనుమానం రాదా అని అది తిరుపతమ్మ ఏర్పాటు. విజయశ్రీ సంచి సర్దుకుని తలుపు వెనక పెట్టుకుంది. బగారన్నం వడ్డిస్తూ ఒక కన్ను గోడ గడియారం మీద, రెండో కన్ను తన హెల్మెట్ మీద ఉంచింది. రెండున్నర అయింది. మూడైంది. ఇంకో గంట.

మూడుంబావుకు లింగస్వామి చేతులు కడుక్కుని, మీసం తుడుచుకుని, బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. ఆయనకు అరవై ఆరేళ్లు. వయసులో ఉన్నప్పుడు ఊళ్లో మొదటి మోటార్ సైకిల్ ఆయనదే.

"అల్లుడా, తాళంచెవి తే. ఒక్క రౌండు."

"మామా, ఇన్సూరెన్స్ కాయితం ఇంక రాలే..."

"గల్లీల తిరగనీకి కాయితమెందుకుర? మీ అత్తింటోడు గాదు, మేనమామ అడుగుతుండు!"

ఆ మాటకు ఎదురాడే మగాడు ఆ వాకిట్లో లేడు. లింగస్వామి కండువా తీసి, ఆకాశం రంగు హెల్మెట్ నెత్తిన పెట్టుకున్నాడు. "మామా, గది నాది," అని విజయశ్రీ అంటూనే ఉంది. చెవుల మీద రెక్కలు అప్పటికే దిగిపోయాయి, ఆయనకు ఏమీ వినబడలేదు. సాయినాథ్ చేతిలోని ముక్క చేతిలోనే ఉండిపోయింది.

ఒక్క విషయం ఎవరికీ గుర్తు రాలేదు. లింగస్వామి కాలంనాటి బండికి గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద ఉండేది. ఇప్పటి బళ్లకు అది తిరగబడింది. బండిని మొదటి గేరులోనే నిలబెట్టారు గనక ఆయన గల్లీ చివరిదాకా దర్జాగా వెళ్లాడు, దర్జాగా తిరిగాడు, వాకిలి దగ్గర ఆగుదామని ఎడమకాలితో గట్టిగా నొక్కాడు. నొక్కినకొద్దీ గేరు మారింది గాని బండి ఆగలేదు. "ఆగుతలేదుర!" అని అరుస్తూ వాకిలి దాటి, ఎదురింటి గేటుకు గుద్దుకున్నాడు. గేటు వణికింది, పిట్టగోడ వణికింది, గోడ మీది కరివేపాకు కుండీ మట్టితో సహా వచ్చి సరిగ్గా ఆయన నడినెత్తిన పడి రెండు ముక్కలైంది.

అందరూ కొయ్యబారిపోయారు. బండి పడిపోయి ఉంది. దాని పక్కన లింగస్వామి భుజాల నిండా మట్టితో, నెత్తి మీద కరివేపాకు చెట్టుతో కూర్చుని, మెల్లగా ఒక చెవి రెక్క ఎత్తాడు.

"ఏమైందిర? గట్ల జూస్తున్నరు?"

తల మీద గీత లేదు. ఆయన పట్టీ విప్పి హెల్మెట్ తీసి చూశాడు. దాని మీదా గీత లేదు, మట్టి తప్ప.

"నా బండి!" అని సాయినాథ్ పెట్టిన కేక అప్పుడు వినబడింది. "అద్దం వాయె, ట్యాంకు వాయె, నా బండి వాయె!"

"నీ బండేంది?" అన్నాడు లింగస్వామి.

వాకిట్లో ఇరవై మంది మొహాలు జంగయ్య వైపు తిరిగాయి. జంగయ్య తన కాళ్ల వైపు చూసుకున్నాడు. అండాలమ్మ విరిగిన కుండీని కూడా మర్చిపోయి ముందుకొచ్చింది. "బండి సాయినాథ్‌ది అయితె, మరి హెల్మెట్ ఎవరిది? గుడి కాడ నా కండ్లతోని జూసిన!"

"నాది," అంది విజయశ్రీ.

చేతిలోని గరిటె పక్కన పెట్టింది. "సముద్రం కోసం కొనుక్కున్న. అలల మీద నిలవడ్తందుకు పోతున్న. నేను ఇంతవరకు సముద్రం చూడలే మామా. చూడకుంట సచ్చిపోతనేమో అని భయమైతంది. ఇంక అరగంటల బయల్దేరకుంటె రైలు పోతది. గీ బండి అబద్ధం మీరు మీరు తేల్చుకోండ్రి."

లింగస్వామి కరివేపాకు రెమ్మ ఒకటి చెవి వెనక నుంచి తీసి పడేశాడు.

"అలల మీద నిలవడ్తవా? నిజంగ?"

"నేర్పుతరంట మామా."

"అక్కా, పోనియ్యి పిల్లను," అన్నాడాయన. "నా నెత్తిన కుండీ పడితెనే ఏం గాలే. దాని నెత్తిన నీళ్లు పడితె ఏమైతది?"

దీంతో కథ సుఖాంతం కావలసింది. కానీ తిరుపతమ్మ ఆ హెల్మెట్‌ను రెండు చేతులా అందుకుని, కొంగుతో మట్టి తుడిచి, కళ్లకద్దుకుంది. అంతటితో ఆగకుండా లోపలికి తీసుకెళ్లి, పూజగదిలో పాతదాని పక్కన పెట్టి, బొట్టు పెట్టి, కర్పూరం ముట్టించింది.

"అత్తమ్మా, గది ఇయ్యి. టైమైతంది."

"నా తమ్ముని పానం కాపాడింది బిడ్డా. దేవుణ్ణి తీస్కపోయి ఉప్పునీళ్లల్ల ముంచుతవా?"

"హెల్మెట్ లేంది సముద్రం లేదంటివి!"

"ఇప్పుడు గూడ అదే అంటున్న."

విజయశ్రీకి ఏడుపొక్కటే తక్కువైంది. దుకాణాయన మాటలు, కాంటా, నిమ్మకాయలు, హారన్, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. తిరుపతమ్మకు కూడా కోడలి మొహం చూస్తే జాలేసినట్టుంది. కాసేపు ఇద్దరు దేవుళ్లనూ మార్చి మార్చి చూసి, ఎల్లమ్మ పక్కనున్న పాతదాన్ని దింపింది. రెండు కిలోల బరువు, పగిలినచోట పసుపు.

"ఈయన్ని తీస్కపో. పెద్దాయన. అనుభవమున్నోడు."

మెట్రోలో, రైల్లో, మళ్లీ ఆటోలో విజయశ్రీ దాన్ని ఒళ్లోనే పెట్టుకుంది. సోమవారం పొద్దున సముద్రం కనబడగానే మాత్రం దాన్నీ, రైలునూ, ఆఫీసునూ అన్నీ మర్చిపోయింది. కట్ట లేదు, అవతలి ఒడ్డు లేదు. ఎవరూ కొంగు పట్టుకుని లేరు. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు.

నేర్పే అతను పాత హెల్మెట్‌ను చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. "ఇదేంటండీ? ఇది పెట్టుకుని దిగితే మిమ్మల్ని పైకి లాగడానికి ఇద్దరు కావాలండి. అవిగో, మా దగ్గరున్నాయి కదా!"

వెనక చెక్క అరలో నీలం రంగువి ముప్పై దాకా వేలాడుతున్నాయి. క్లాసుకు వచ్చినవాళ్లకు ఉచితంగా ఇస్తారట. విజయశ్రీ మృదుల వైపు చూసింది.

"చెప్పడం మర్చిపోయానక్కా," అంది మృదుల.

ఏడింటికి ఎల్బీనగర్‌కు వీడియో కాల్ వెళ్లింది. ఫోనులోకి ఇసుక పోకుండా మృదుల దాన్ని పాత హెల్మెట్ లోపల నిలబెట్టింది. అలా తిరుపతమ్మ, జంగయ్య, ఊరికి పోకుండా ఆగిపోయిన లింగస్వామి, అండాలమ్మ, పసుపు అంటిన సందులోంచి సముద్రాన్ని చూశారు. విజయశ్రీ ఎనిమిదిసార్లు పడింది. తొమ్మిదోసారి లేచి నిలబడింది. మూడు సెకన్లని నేర్పే అతనన్నాడు, అయిదని మృదుల. లింగస్వామి మాత్రం పది అన్నాడు, ఇప్పటికీ ఊళ్లో అదే చెబుతున్నాడు. తిరుపతమ్మ ఫోను మీద చెయ్యి ఆనించి, "నా కోడలు," అని మాత్రం అండాలమ్మకు చూపించింది.

గీతలు పడ్డ నల్లబండిని సాయినాథ్ వెనక్కి తీసుకోనన్నాడు, దాని డబ్బే ఇమ్మన్నాడు. ఊరంతా చెప్పిన మాట ఎలాగూ ఉంది, అది నిజమే అయిపోనీ అని తిరుపతమ్మ తీర్పిచ్చింది. అలా నాలుగేళ్ల తర్వాత జంగయ్య బండెక్కాడు. బుధవారం విజయశ్రీ తిరిగొచ్చింది. రెండు హెల్మెట్లూ ఎల్లమ్మకు చెరోపక్కన కొలువు తీరాయి, ఒకటి పండ్ల గండానికి, ఒకటి కుండీల గండానికి.

బండి కాగితాలు ఇంకా సాయినాథ్ పేరు మీదే ఉన్నాయి గనక, గురువారం అతని ఫోనుకు ఫోటోతో సహా చలానా వచ్చింది: నల్లబండి మీద జంగయ్య, నెత్తిన హెల్మెట్ లేదు.